వెన్ను ఆపరేషన్‌కి దేశం దాటే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

వెన్ను ఆపరేషన్ కోసం ఒక దేశం నుంచి ఇంకో దేశం వెళ్లే విషయమై వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాం. అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో ఉంటూ హైదరాబాద్‌లో చేయించుకోవాలనుకునే వాళ్లవీ, చేయించుకుని వెళ్లినవాళ్లవీ నాలుగు. ఇక్కడి నుంచి జర్మనీ వెళ్లాలనుకునే వారిది ఒకటి.

అందరికీ ముందుగా ఒక మాట. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోయినా, పాదం పైకి లేవకుండా వేలాడుతున్నా టికెట్ల గురించి ఆలోచించకండి. ఉన్న ఊళ్లోనే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్ను అడుగున ఉండే నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయినప్పుడు గంటలు గడిచే కొద్దీ మూత్రం మీద పట్టు తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. మూడు నెలలుగా కుడికాలు పిరుదు నుంచి మడమ దాకా లాగేస్తోంది. ఎమ్మారైలో ఎల్5-ఎస్1 డిస్కు (నడుము చివరి పూసకూ, దాని కింది త్రికాస్థి అనే త్రికోణపు ఎముకకూ మధ్యది) జారి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. ఇక్కడి సర్జన్ మైక్రోడిస్కెక్టమీ అన్నారు. బిల్లు అంచనా చూసి భయమేసి హైదరాబాద్‌లో మూడు ఆస్పత్రులకు వాట్సాప్‌లో రిపోర్టు పంపాం. ఒకరు డిస్కు ముక్క తీస్తే చాలన్నారు. ఒకరు స్క్రూలు వేయాలన్నారు. మూడోవాళ్లు డాక్టరు పేరు కూడా చెప్పకుండా ప్యాకేజీ రేటు పంపారు. సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలి? మూడు వారాల సెలవు సరిపోతుందా? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఒకే రిపోర్టుకి ఇన్ని రకాల జవాబులు వచ్చాయంటే మీరింకా సర్జన్‌ని ఎంచుకునే దాకా రాలేదమ్మా. ఏ ఆపరేషన్ అన్నది ముందు తేలాలి. డిస్కు ముక్క తీసే రేటునీ, స్క్రూలు బిగించే రేటునీ పక్కపక్కన పెట్టి చూసినా తెలిసేదేమీ లేదు.

మీవారికి డిస్కు జారడం ఇదే మొదలు, నొప్పి కాల్లో ఉంది. ఇలాంటప్పుడు మామూలుగా చేసేది నరం మీద పడ్డ ముక్కను మైక్రోస్కోపు కిందనో (మైక్రోడిస్కెక్టమీ అంటే ఇదే) ఎండోస్కోపుతోనో తీసేయడం. రెండు పూసల మధ్య కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి, స్క్రూలు రాడ్లతో బిగించి అవి ఒకటిగా అతుక్కునేలా చేయడం (ఫ్యూజన్) వేరే ఆపరేషన్. ఒక పూస కిందిదాని మీద నుంచి ముందుకు జరిగి ఉన్నప్పుడు, వంగి తీసిన ఎక్స్‌రేకూ వెనక్కి వాలి తీసిన ఎక్స్‌రేకూ మధ్య పూస కదిలినట్టు కనబడినప్పుడు, నరాన్ని విడిపించడానికి కీలును బాగా చెక్కేయాల్సి వచ్చినప్పుడు, వెన్ను వంకర ఉన్నప్పుడు దాని అవసరం వస్తుంది. కాబట్టి స్క్రూలు అన్నవారిని 'ఏ ఫిల్ములో ఏం చూసి అంటున్నారు?' అని అడగండి. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, నిలబడితే పూస ఏం చేస్తుందో అందులో కనబడదు. నిలబడి, వంగి, వాలి తీసిన ఎక్స్‌రేలు చూడకుండా స్క్రూలు అన్నారంటే ఆ సలహాను పక్కన పెట్టండి.

అసలు ఆపరేషన్ ఇప్పుడే కావాలా అన్నది కూడా అడగాల్సిన మాటే. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా (నడుము నుంచి కాల్లోకి లాగే నరం నొప్పి) ఉన్న 283 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తొందరగా ఆపరేషన్ చేసి, రెండో జట్టును మందులతో ఆగమని చెప్పి పరిశీలించారు. ఫలితాలు 2007లో వచ్చాయి. ఆపరేషన్ జట్టుకు కాలినొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగమన్న జట్టులో 39 శాతం మంది నొప్పి భరించలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే ఈ ఆపరేషన్‌తో ముఖ్యంగా కలిసొచ్చేది కాలం. మూడు నెలలు ఓర్చుకున్నాక చేయించుకోవడం తొందరపాటేమీ కాదు. నొప్పి తగ్గుముఖం పడుతుంటే మాత్రం టికెట్ కొనే ముందు ఇంకో నెల చూడొచ్చు.

ఇక పంపే కాగితాల సంగతి. వాట్సాప్‌లో పంపిన రిపోర్టు ఫొటో మీద నిర్ణయం తీసుకోలేరు. స్కాన్ సెంటర్ నుంచి డైకామ్ ఫైళ్లతో ఉన్న సీడీ లేదా లింకు తీసుకోండి. సర్జన్ తన కంప్యూటర్లో ఒక్కో పొరా జరుపుకుంటూ చూసేది వాటినే. ఎమ్మారై ఆర్నెల్లకన్నా పాతదైతే, లేదా తీశాక నొప్పి తీరు మారితే మళ్లీ తీయించాలి. రెండు దేశాల రిపోర్టుల్లో పూసల అంకెలు వేరువేరుగా ఉంటే మాత్రం తప్పకుండా సర్జన్‌కి చెప్పండి. కొందరిలో నడుము చివరి పూస త్రికాస్థితో అతుక్కుని ఉంటుంది, కొందరిలో త్రికాస్థి మొదటి పూస విడిగా ఉంటుంది. అప్పుడు ఒకే డిస్కును ఒక రేడియాలజిస్టు ఎల్4-ఎల్5 అంటే ఇంకొకరు ఎల్5-ఎస్1 అంటారు. తప్పు పూస దగ్గర కోత పడటానికి ఇదొక కారణం. ఆపరేషన్ బల్ల మీద సీ-ఆర్మ్ ఎక్స్‌రేతో పూసలు ఎక్కడి నుంచి లెక్కపెడతారో ముందే మాట్లాడుకోవాలి.

సర్జన్ విషయానికి వద్దాం. మన దేశంలో వెన్ను ఆపరేషన్లు చేసేవారు రెండు దారుల్లో వస్తారు: ఆర్థోపెడిక్స్‌లో ఎమ్మెస్ లేదా డీఎన్‌బీ, న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ. ఏ దారైనా ఫరవాలేదు. ఆయన చేసే ఆపరేషన్లలో వెన్నువి ఎన్ని అన్నది చూడాలి. మోకాళ్లు మార్చుతూ నెలకు ఒకటీ అరా వెన్ను చేసేవారు మీకు వద్దు. ఆ పైన వెన్నుకే ప్రత్యేకమైన శిక్షణ ఉందా? నేషనల్ బోర్డు ఇచ్చే ఎఫ్‌ఎన్‌బీ స్పైన్ సర్జరీ రెండేళ్ల చదువు. 'విదేశాల్లో ఫెలోషిప్' అని రాసుంటే ఎన్ని నెలలో అడగండి. రెండు వారాలు పక్కన నిలబడి చూసి రావడమూ, ఏడాది చేత్తో చేసి రావడమూ ఒకే మాటలో ఇమిడిపోతున్నాయి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద ఆ నంబరు వేయాలని డాక్టర్లకు 2002 నుంచీ నిబంధన ఉంది. అది లేని చీటీ వస్తే అడిగి తెలుసుకోండి.

డిగ్రీలతో ఆగిపోవద్దు. మీ ప్రాంతంలోనే జరిగింది గుర్తుంచుకోండి. క్రిస్టఫర్ డంచ్ అనే న్యూరోసర్జన్ డాలస్, ప్లేనో ఆస్పత్రుల్లో చేసిన ఆపరేషన్లలో ఇద్దరు చనిపోయారు, ఎందరో జీవితాంతం అవిటివాళ్లయ్యారు. 2013లో టెక్సస్ మెడికల్ బోర్డు అతని లైసెన్సును ఆపింది. 2017లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కాగితం మీద అతను ఎం.డి., పీహెచ్‌డీ. గొడవ వచ్చిన ఆస్పత్రి వదిలి ఇంకో ఆస్పత్రికి వెళ్లగలిగాడు, అక్కడా మళ్లీ కత్తి పట్టాడు. అందుకే ఏ దేశంలోనైనా ఒక సర్జన్ ఒకేచోట ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, ఏడాదికోసారి మారుతున్నారా అన్నది తెలుసుకోండి. అదే ఆస్పత్రిలోని మత్తు డాక్టరో, ఫిజియోథెరపిస్టో తెలిసినవారైతే, వాళ్లింట్లో వాళ్లకైతే ఎవరి దగ్గరికి పంపుతారో అడగండి. ఆపరేషన్ థియేటర్లో రోజూ నిలబడేవాళ్లకు తెలిసినంత వెబ్‌సైటుకు తెలియదు.

ఇద్దరు సర్జన్లతో వీడియోలో మాట్లాడండి, కోఆర్డినేటర్‌తో కాదు. మీవారిని ముని వేళ్ల మీద పది అడుగులు, మడమల మీద పది అడుగులు నడిపించి చూడాలి. ఎస్1 నరం దెబ్బతింటే ఆ కాలి ముని వేళ్ల మీద లేవడం కష్టమవుతుంది. రోగిని నడిపించి చూడకుండా ఫిల్ము మీదే తేల్చేసేవారి దగ్గర ఆగండి. తర్వాత అడగాల్సినవి: ఇదే ఆపరేషన్ కిందటేడు ఎన్ని చేశారు, వాళ్లలో డిస్కు మళ్లీ జారింది ఎందరికి, నరాల పొర చిరిగింది ఎందరికి, ఇన్‌ఫెక్షన్ ఎందరికి? మంచి చేతుల్లో కూడా నూటికి ఐదు నుంచి పది మందికి డిస్కు మళ్లీ జారుతుంది. 'నా దగ్గర ఒక్కటీ లేదు' అన్న జవాబు విశ్వాసం పెంచకూడదు, తగ్గించాలి. కోత నుంచి కుట్టు దాకా ఎవరు చేస్తారు, మీరు చేయని భాగం ఏది అని కూడా అడగండి. సంతకం పెట్టే సమ్మతి పత్రంలో 'డాక్టరు మరియు బృందం' అని ఉంటే సర్జన్ పేరు రాయించండి.

డాక్టరు పేరు లేకుండా రేటు పంపినవాళ్లను వదిలేయండి. మధ్యవర్తి రోగిని పంపినందుకు డాక్టరు కమిషన్ ఇవ్వడం వైద్య నియమావళి ప్రకారం తప్పు. అయినా జరుగుతున్న చోట, మీకు తగిన సర్జన్ ఎవరన్నది చూసి పంపడం ఉండదు.

డబ్బు విషయంలో ఒక లెక్క వేసుకోండి. అమెరికాలో అంచనా బిల్లు ఎంత ఉన్నా, నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేయించుకుంటే ఏడాదిలో మీ చేతి నుంచి పోయేదానికి పరిమితి ఉంటుంది. 2025లో చాలా ప్లాన్లకు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి ఒక మనిషికి 9,200 డాలర్లుగా ఉండేది. మీ ప్లాన్‌లో ఇంకా తక్కువ ఉండొచ్చు, ఇప్పటికే కొంత కట్టేసి ఉండొచ్చు. మిగిలింది చూసి దానితో ఆస్పత్రి ఖర్చు, ఇద్దరి టికెట్లు, సెలవు జీతం కలిపి పోల్చండి. డిస్కు ముక్క తీసే ఆపరేషన్‌కి చాలామందికి ఈ లెక్కలో పెద్ద తేడా మిగలదు. ఇన్సూరెన్స్ లేనివారికి, స్క్రూల ఆపరేషన్ అవసరమైనవారికి లెక్క వేరు. హెచ్-1బీ మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే, ఇంటర్వ్యూ తేదీ చేతిలో లేకుండా బయల్దేరకండి. అర్హత ఉన్న ఉద్యోగులకు ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ (అమెరికా కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద దొరికే 12 వారాల జీతం లేని సెలవుకు విదేశీ డాక్టరు ధ్రువీకరణ కూడా చెల్లుతుంది.

మూడు వారాలు ఇరుకు. దిగాక మూడు నాలుగు రోజులు ఓపీ, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, మత్తు డాక్టరు పరీక్షకు పోతాయి. ఆస్పత్రిలో ఒకటి రెండు రోజులు. కుట్లు 10 నుంచి 14 రోజులకు. గాయంలో చీము పట్టడం ఎక్కువగా బయటపడేది రెండు నుంచి నాలుగు వారాల మధ్య, అంటే మీరు సరిగ్గా విమానంలో ఉండే రోజుల్లో. నాలుగు వారాలు పెట్టుకోండి. స్క్రూలైతే ఆరు. తిరుగు ప్రయాణంలో 23 కిలోల పెట్టెలు మీవారు ముట్టుకోకూడదు. ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు మించి ఎత్తొద్దు, వంగి మెలి తిరగొద్దు. ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పి వీల్‌చైర్, నడవా పక్క సీటు తీసుకోండి. ఆపరేషన్ అయిన కొత్తలో ప్రయాణమైతే సర్జన్ నింపాల్సిన మెడికల్ ఫారం అడుగుతారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుంది, ఆపరేషన్ దానికి తోడు. గంటకోసారి లేచి నడవాలి, ఒత్తిడి సాక్సులు వేసుకోవాలి. రక్తం పలచబడే ఇంజెక్షన్ కావాలా అన్నది సర్జన్ రాసివ్వాలి.

ప్రశ్న: అమ్మకు 68, గ్రీన్‌కార్డు ఉంది. షుగర్ పదిహేనేళ్లుగా. పది నిమిషాలు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి కూర్చోవాలి. స్టోర్‌లో కార్టు పట్టుకుని ముందుకు వంగి నడిస్తే హాయిగా ఉంటుందట. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఎల్3 నుంచి ఎస్1 దాకా రోబోతో ఫ్యూజన్ చేస్తామంది. రోబో ఉన్న ఆస్పత్రే మంచిదా? (న్యూజెర్సీ)

జవాబు: మీ అమ్మగారి లక్షణాలు నరాలు వెళ్లే కాలువ ఇరుకైనప్పుడు వచ్చేవి. వంగితే ఆ కాలువ కాస్త తెరుచుకుంటుంది, అందుకే కార్టు పట్టుకుంటే హాయి. దీనికి అసలు వైద్యం ఇరుకు చేస్తున్న ఎముక, దళసరెక్కిన పొర తీసి నరాలకు చోటివ్వడం. దానికి స్క్రూలు జోడిస్తే ఇంకా బాగుంటుందా అని స్వీడన్‌లో 247 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు చెప్పారు. రెండేళ్ల తర్వాత, ఐదేళ్ల తర్వాత కూడా స్క్రూలు వేసినవారు ఎక్కువ బాగుపడింది లేదు. ఆపరేషన్ సమయం, రక్తస్రావం, ఖర్చు మాత్రం పెరిగాయి. స్క్రూలు ఎవరికీ వద్దని దీని అర్థం కాదు. పూస బాగా కదులుతున్నవారికి కావాలి. ఎల్3 నుంచి ఎస్1 దాకా ఉన్న మూడు డిస్కుల అంతస్తులు ఎందుకు బిగించాలో ఒక్కో అంతస్తుకూ విడివిడిగా కారణం చెప్పమనండి. 'డిస్కులన్నీ అరిగాయి' అన్నది కారణం కాదు. 80 ఏళ్లవారిలో ఏ నొప్పీ లేకపోయినా 96 శాతం మంది స్కాన్‌లో డిస్కు అరుగుదల కనబడుతుంది.

రోబో స్క్రూ వెళ్లే దారి చూపిస్తుంది. స్క్రూ అవసరమా అన్నది చెప్పదు. కాలువ వెడల్పు చేయడం మాత్రమే అయితే రోబోతో పనే లేదు. స్క్రూలు తప్పవంటే రోబో కన్నా ముందు అడగాల్సింది ఆపరేషన్ అవుతుండగా నరాల సంకేతాలు గమనించే న్యూరోమానిటరింగ్ ఉందా, రాత్రి ఒంటిగంటకు కాలు బలం తగ్గితే ఎమ్మారై తీసి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లే ఏర్పాటు ఉందా అని.

టికెట్‌కి ముందు న్యూజెర్సీలోనే మూడు పనులు చేయించండి. ఎముక సాంద్రతకు డెక్సా స్కాన్: గుల్లబారిన ఎముకలో స్క్రూ వదులైపోతుంది, ముందు దానికి వైద్యం చేయాలి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష: 8 దాటి ఉంటే గాయం మానడం, చీము పట్టడం రెండూ ఇబ్బందే, ఏడున్నర దగ్గరికి దించాకే తేదీ పెట్టుకోండి. మూడోది మందుల జాబితా. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు ఆపాలి. షుగర్ మామూలుగా కనబడుతూనే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం వాటితో ఉంది. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటుంటే మత్తు డాక్టరుకు చెప్పాలి, అన్నం కడుపులోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గుండె డాక్టరు చెప్పకుండా ఆపొద్దు, చెప్పకుండా కొనసాగించొద్దు. వెల్లుల్లి, చేపనూనె క్యాప్సూల్స్ కూడా ఆ జాబితాలో రాయండి.

పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా అమెరికా బయట చేసిన ఆపరేషన్‌కి డబ్బివ్వదు. ప్రయాణ బీమా కూడా ముందే అనుకున్న ఆపరేషన్‌కీ, దానివల్ల వచ్చే ఇబ్బందులకూ వర్తించదు. ఎస్టిమేట్‌లో స్క్రూలు, కేజ్‌ల ధర కలిసి ఉందా, ఐసీయూలో అదనపు రోజు ఎంత, రెండోసారి థియేటర్‌కి వెళ్లాల్సి వస్తే ఎవరి ఖర్చు అన్నవి రాతలో తీసుకోండి.

ప్రశ్న: నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఊరు. దుబాయ్‌ల కన్‌స్ట్రక్షన్ కంపెనీల పనిచేస్తున్న. నడుం నొప్పి ఆర్నెల్ల సంది ఉంది, ఇప్పుడు ఎడమకాలు తిమ్మిరెక్కుతుంది. ఇక్కడ డాక్టరు ఆపరేషన్ అన్నడు. ఇంటికొచ్చి హైదరాబాద్‌ల చేయించుకుంటె మంచిదా? ఆపరేషన్ అయినంక మళ్ల పనికి రావచ్చునా?

జవాబు: ముందు కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు మీద అక్కడే ఏ ఆస్పత్రిలో ఎంతవరకు చేస్తారో కనుక్కోండి. పనిలో పడి, బరువెత్తి దెబ్బ తగిలిందా? అయితే అది కంపెనీ రికార్డుల్లోకి ఎక్కాలి. యూఏఈ చట్టం ప్రకారం పనివల్ల కలిగిన గాయానికి వైద్యఖర్చు యజమానిదే, కోలుకునే దాకా ఆరు నెలల వరకు పూర్తి జీతం ఇవ్వాలి. రికార్డు లేకుండా ఊరికొచ్చేస్తే ఆ హక్కు నిరూపించుకోవడం కష్టం. మామూలు జబ్బయితే ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజుల సిక్ లీవు: 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం, మిగిలిన 45 జీతం లేకుండా. మూడు పనిదినాల్లో కంపెనీకి తెలియజేయాలి. ఆరు నెలలు దాటి బయటుంటే రెసిడెన్సీ పోతుందన్నది మర్చిపోవద్దు.

ఇంటికే వచ్చి చేయించుకుంటే పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరోసర్జరీ, ఆర్థో రెండు విభాగాలూ ఉన్నాయి. ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ అడగండి. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. మీ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందా, ఏ ఆస్పత్రిలో చేస్తారన్నది ఆస్పత్రి ఆరోగ్యమిత్ర చెబుతారు. అనుమతి రాకముందే అడ్వాన్సు కట్టి చేరకండి.

తిరిగి వెళ్లేటప్పుడు మందుల సంచి ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆపరేషన్ తర్వాత మన దగ్గర మామూలుగా రాసే ట్రమడాల్, ప్రీగాబలిన్, కొడీన్ గల్ఫ్ దేశాల్లో అదుపులో ఉన్న మందులు. అనుమతి లేకుండా వాటితో దిగితే కేసు, జైలు. పారాసిటమాల్‌తో కలిపిన మాత్రలో కూడా ట్రమడాల్ ఉండొచ్చు, పేరు మీద కనబడదు, అట్ట వెనక చదవాలి. డిశ్చార్జి అప్పుడే 'గల్ఫ్‌కి తిరిగి వెళ్తున్నా' అని డాక్టరుకు చెప్పండి, వేరే మందు రాస్తారు. తప్పనిసరైతే బయల్దేరే ముందే యూఏఈ ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్లో అనుమతి తీసుకుని, ప్రిస్క్రిప్షన్, డాక్టరు ఉత్తరం చేతిసంచిలో పెట్టుకోండి.

బరువు పనికి మూడు నెలలకు ముందు వెళ్లకండి. స్క్రూలు వేస్తే ఎముక అతుక్కుందని ఎక్స్‌రేలో చూశాకే. సిగరెట్, ఖైనీ, గుట్కా ఉంటే ఆపరేషన్‌కి ఆరు వారాల ముందే మానాలి. నికోటిన్ ఎముకను అతుక్కోనివ్వదు.

ప్రశ్న: నాకు 45. నడుములో ఒక డిస్కు పూర్తిగా అరిగింది. స్క్రూలు వద్దు, జర్మనీలో కృత్రిమ డిస్కు పెట్టించుకో అని మా అబ్బాయి అంటున్నాడు. అక్కడి సర్జన్‌ని ఎలా చూసుకోవాలి? (విజయవాడ)

జవాబు: ఇప్పటి రకం కృత్రిమ డిస్కుకి బెర్లిన్ పుట్టినిల్లు. 1984లో మొదటిది అక్కడే పెట్టారు. అనుభవం ఉన్న చేతులు జర్మనీలో ఉన్నాయన్నది నిజం. అది మీకు సరిపోతుందా అన్నది వేరే లెక్క. వెనక కీళ్లు అరిగి ఉన్నా, పూస జారి ఉన్నా, ఎముక గుల్లబారి ఉన్నా పనికిరాదు. నడుము డిస్కును పొట్ట వైపు నుంచి, పెద్ద రక్తనాళాలు పక్కకు తొలగించి పెట్టాలి. మొదటిసారి ఆ దారి తెరవడం ఒక ఎత్తు. పదేళ్ల తర్వాత ఏదైనా తేడా వచ్చి మళ్లీ అదే దారిలో వెళ్లడం ఇంకో ఎత్తు, నాళాలన్నీ మచ్చ కండలో అతుక్కుపోయి ఉంటాయి. మగవారిలో వీర్యం వెనక్కి వెళ్లే సమస్య కూడా రావచ్చు. ఈ మాటలు మీరు అడక్కముందే సర్జన్ చెప్పాలి.

అక్కడ చూడాల్సినవి: 'ఫాఖార్ట్‌స్ట్' అన్న స్పెషలిస్టు అర్హత, దానిపైన జర్మన్ వెన్నెముక సంఘం డీడబ్ల్యూజీ ఇచ్చే సర్టిఫికెట్లు. ఆ సంఘం సర్జన్లకూ, ఆస్పత్రి కేంద్రాలకూ విడివిడిగా గుర్తింపు ఇస్తుంది. రెండూ చూడండి. పేరు చూసి వెళ్లిన పెద్ద డాక్టరే చేయాలంటే 'వాల్‌లైస్టుంగ్' అనే ఒప్పందం విడిగా రాసుకోవాలి. అది లేకపోతే విభాగంలో ఎవరైనా చేయొచ్చు. 2013 నాటి జర్మన్ రోగి హక్కుల చట్టం ప్రకారం ఆపరేషన్ ప్రమాదాలు మీకు అర్థమయ్యే భాషలో, నోటిమాటగా, ఆలోచించుకునే వ్యవధి ఉండగా చెప్పాలి. దుబాసీని పెట్టుకోండి, అబ్బాయిని ఆ పనికి వాడకండి. ఇంట్లోవాళ్లు చెడు మాటలు మింగేస్తారు. డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే, వివరంగా రాసిన అంచనా మీదే పంపండి.

బయల్దేరకముందే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక సర్జన్‌తో మాట్లాడి, తిరిగొచ్చాక చూస్తానని ఒప్పించుకోండి. ఒకరు చేసిన ఆపరేషన్‌ని ఇంకొకరు నెత్తిన వేసుకోవడానికి వెనకాడతారు. మన దగ్గర ఆ రకం డిస్కు, దాన్ని తీసే పనిముట్లు దొరుకుతాయా అనీ ఆయన్నే అడగండి. దొరకవంటే ఏ చిన్న ఇబ్బందికైనా మళ్లీ జర్మనీయే.

ప్రశ్న: హైదరాబాద్‌లో స్క్రూలు వేయించుకుని పన్నెండో రోజున మెల్‌బోర్న్ వచ్చేశాను. ఆపరేషన్ అయి ఇవాళ్టికి 18 రోజులు. గాయం దగ్గర నీరులా కారుతోంది, రాత్రిళ్లు 101 జ్వరం. నడుం నొప్పి తగ్గినట్టే తగ్గి పెరిగింది. తెచ్చుకున్న యాంటీబయాటిక్ మొదలుపెట్టనా?

జవాబు: మీకు ఉత్తరం అందిన రోజే విడిగా జవాబిచ్చాం, మిగతావారి కోసం ఇక్కడ ఇస్తున్నాం. ఆ మాత్రలు వేసుకోవద్దు, ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తం, గాయం లోపలి నమూనా కల్చర్‌కి తీశాకే యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ముందే మింగితే ఏ క్రిమో తేలదు, స్క్రూల మీద అది పాతుకుపోతుంది. సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు బాగా పెరిగి, రెండు వారాలకు దిగిపోవాలి. దిగి మళ్లీ పెరిగినా, అసలు దిగకపోయినా లోపల చీము అనుమానించాలి. కారేది తేటగా ఉండి, కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే పోతుంటే నరాల పొర నుంచి ద్రవం కారుతున్నట్టు. అది ఆగేదాకా విమానం ఎక్కకూడదు.

అక్కడి డాక్టర్లకు మొదటి మాటగానే భారతదేశంలో ఆపరేషన్ జరిగిందనీ, ఎన్ని రోజులు ఏ వార్డులో ఉన్నారనీ చెప్పండి. దాచడం వల్ల నష్టపోయేది మీరే. మందులకు లొంగని క్రిముల కోసం విడిగా వెతకాలని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. 2023లో మెక్సికోలోని మాటమోరోస్‌లో వెన్నులో మత్తు ఇప్పించుకుని ఆపరేషన్లు చేయించుకుని అమెరికా తిరిగొచ్చినవారికి ఫంగస్ వల్ల మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చి కొందరు చనిపోయారు. మొదట కనబడింది జ్వరం, తలనొప్పే.

మీ డిశ్చార్జి ఫైల్లో స్క్రూల పెట్టె మీది స్టిక్కర్లు ఉన్నాయా చూడండి. కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. ఒక్కో కంపెనీ స్క్రూ తలకు ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. ఏ కంపెనీవో తెలియకపోతే మెల్‌బోర్న్ సర్జన్ వాటిని విప్పడానికి కూడా తడుముకోవాలి. స్టిక్కర్లు లేకపోతే ఆపరేషన్ నోట్సు, స్టిక్కర్ల కాపీ, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలు పంపమని ఆస్పత్రికి ఇవాళే రాతపూర్వకంగా ఈమెయిల్ చేయండి. రోగి అడిగిన రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని మన వైద్య నియమావళి చెబుతోంది. ఆ వాక్యం కూడా ఈమెయిల్‌లో రాయండి. రిప్లై కోసం ఇంట్లో ఎదురుచూడొద్దు, ఆస్పత్రి మంచం మీద ఉండి చూడండి.